ఈనిన గుర్రానికి కడుపులో రక్తస్రావం: కత్తి పట్టని 36 గంటలు

రోగి: మార్వాడీ జాతి ఆడగుర్రం, వయసు 17 ఏళ్లు, బరువు సుమారు 380 కిలోలు, ఏడో కాన్పు. స్థలం: హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు ఫారం. నెల: ఫిబ్రవరి.

రాత్రి 11.40కి ఈనింది. ఎవరూ చేయి పెట్టాల్సిన అవసరం రాలేదు. పిల్ల లేచి నిలబడి 1.10కి ముర్రుపాలు తాగింది. మాయ 1.30కి పూర్తిగా పడింది. అంతా సవ్యంగా జరిగిందని యజమాని నిద్రకు వెళ్లారు. సైసు మాత్రం వెళ్లలేదు. ఆ గుర్రాన్ని 12 ఏళ్లుగా చూసుకుంటున్న మనిషి కావడంతో కొట్టం గడప మీదే కూర్చున్నాడు. 3.25కి పశువైద్యుడినైన నాకు ఫోను చేసి మూడు ముక్కలే చెప్పాడు: "సార్, చెమటలు పడుతున్నాయి. పెదవి పైకెత్తుతోంది. కానీ దొర్లడం లేదు."

ఆ మూడో ముక్క లేకపోతే బహుశా నేను మరో పది నిమిషాలు ప్రశ్నలు వేస్తూ కూర్చునేవాడిని. ఈనిన తర్వాత గర్భసంచి ముడుచుకునేటప్పుడు వచ్చే నొప్పికి చాలా గుర్రాలు కాసేపు అశాంతిగా ఉంటాయి, పడుకుని లేస్తాయి, దొర్లుతాయి. అది మామూలే. నొప్పి కనిపిస్తూనే ఉన్నా గుర్రం కదలడానికి ఇష్టపడకపోవడం మాత్రం మామూలు కాదు. వెళ్లేదాకా దీపాలన్నీ తీసేయమనీ, గుర్రాన్ని నడిపించవద్దనీ చెప్పాను. కడుపునొప్పి అనగానే గుర్రాన్ని తిప్పడం మన దగ్గర ఎంత గట్టి అలవాటో తెలిసినవాడిని కాబట్టి ఆ రెండో మాట రెండుసార్లు చెప్పాను.

మొదటి పరీక్ష, ఉదయం 4.20

గుండె నిమిషానికి 96 సార్లు కొట్టుకుంటోంది. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి 28 నుంచి 44 దాకా ఉండాలి. శ్వాస 36. ఉష్ణోగ్రత 98.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే గుర్రానికి తక్కువే. చెవులు చల్లగా ఉన్నాయి. దవడ కింద నాడి వేలికి దారంలా తగిలి జారిపోతోంది. పై పెదవి ఎత్తి టార్చి వేశాను. చిగుళ్లు మీగడ రంగులో ఉన్నాయి. బొటనవేలితో నొక్కి వదిలి లోపల లెక్కపెట్టుకున్నాను. నాలుగు దాటాక గానీ ఆ చోటికి రంగు తిరిగి రాలేదు. రెండు లోపు రావాలి.

కారులో ఉన్న చిన్న సెంట్రిఫ్యూజ్‌లో రక్తం తిప్పితే పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 38 శాతం, ప్రోటీన్ 6.1 గ్రాములు. కాగితం మీద చూస్తే ఆరోగ్యంగా ఉన్న గుర్రం అంకెలు. ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్ చేతి మీటరులో 6.4 మిల్లీమోల్ వచ్చింది. రెండు లోపు ఉండాల్సింది అది.

ఈ రెండు అంకెలూ ఒకదానికొకటి పొసగవు. పొసగకపోవడమే ఇక్కడ ఆధారం. గుర్రం ప్లీహం ఎర్రకణాల గిడ్డంగి. శరీరంలోని ఎర్రకణాల్లో మూడో వంతుకు పైగా అందులో దాచుకోగలదు. రక్తం పోతుంటే ప్లీహం ముడుచుకుని ఆ నిల్వను బయటికి నెడుతుంది. పైగా పోయేది ప్లాస్మా, కణాలు కలిసిన రక్తమే కాబట్టి, మిగిలిన రక్తంలో కణాల నిష్పత్తి వెంటనే మారదు. బయటి నుంచి నీరు రక్తనాళాల్లోకి చేరి పలచబడ్డాకే, అంటే 12 నుంచి 24 గంటల తర్వాతే, పీసీవీ నిజం చెబుతుంది. మొదటి పీసీవీ చూసి "రక్తం బాగానే ఉంది" అని ఇంటికి వెళ్లిన డాక్టర్లు ఉన్నారు. కెరీర్ మొదట్లో వారిలో నేనూ ఉన్నాను.

ఇదే లక్షణాలతో వచ్చే ఇతర సమస్యలను పక్కన పెట్టాలి. ఈనిన గుర్రాల్లో పెద్దపేగు మెలిపడటం బాగా ఎక్కువ. కానీ అందులో నొప్పి భరించరానిదిగా ఉంటుంది, పొట్ట ఉబ్బుతుంది, చిగుళ్లు ముదురు రంగులోకి తిరుగుతాయి. ఇక్కడ పొట్ట ఉబ్బలేదు, చిగుళ్లు తెల్లబడ్డాయి. గర్భసంచి చిరిగితే సాధారణంగా ఒకటి రెండు రోజులకు జ్వరంతో బయటపడుతుంది. మాయ నేల మీద పరిచి చూశాను. ముక్క ఏదీ లోపల మిగల్లేదు.

మలద్వారం గుండా చేయి పెట్టి చూడలేదు. చూస్తే గర్భసంచి పక్కన గడ్డ చేతికి తగిలేదేమో, రోగనిర్ధారణ రెండు నిమిషాల్లో తేలేదేమో. కానీ చేయి పెట్టినప్పుడు గుర్రం ముక్కుతుంది, కడుపులో ఒత్తిడి పెరుగుతుంది, ఆ గడ్డ మీద నా చేయి పడుతుంది. అప్పుడే కట్టుకుంటున్న గడ్డను కదిపి నేను తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. పొట్ట మీద నుంచే స్కానింగ్ చేశాను. కుడి డొక్క కింది భాగంలో, గర్భసంచి పక్కన, అంచులు సరిగా తేలని పెద్ద గడ్డ కనిపించింది. పొట్ట అడుగున కొద్దిగా ద్రవం ఉంది. అందులో సన్నని బూడిదరంగు చుక్కలు పొగలా సుళ్లు తిరుగుతున్నాయి. ఆ కదలిక ఒకసారి చూసినవారు మరచిపోరు. కడుపులోకి చేరిన తాజా రక్తం అలాగే తిరుగుతుంది. సూది పెట్టి ద్రవం తీసి చూడాల్సిన పని లేకపోయింది.

నిర్ధారణ: కుడి గర్భాశయ ధమని చిట్లి బ్రాడ్ లిగమెంట్‌లోకి రక్తస్రావం, అక్కడి నుంచి కొంత కడుపులోకి.

ఎందుకు కోయలేదు

గర్భసంచిని నడుము కింది నుంచి వేలాడదీసే రెండు పొరల పరదాయే బ్రాడ్ లిగమెంట్. గర్భాశయ ధమని ఆ రెండు పొరల మధ్య నడుస్తుంది. కాన్పు తర్వాత కాన్పు సాగి, వయసుతో గోడ బలహీనపడిన ధమని ఈనే సమయంలోనో ఆ తర్వాతో చిట్లుతుంది. ఎడమ కంటే కుడి వైపే ఎక్కువగా. రక్తం రెండు పొరల మధ్యే ఉండిపోతే అక్కడ పేరుకున్న రక్తపు ఒత్తిడే ధమని నోరు నొక్కిపెడుతుంది. పొర కూడా చిరిగితే రక్తం కడుపులోకి కారుతుంది. అక్కడ దాన్ని ఆపేది ఏదీ ఉండదు. పొర పూర్తిగా తెగిన గుర్రం చాలాసార్లు మనం వెళ్లేసరికే పడిపోయి ఉంటుంది. మా గుర్రంలో పొర ఎక్కడో కొద్దిగా ఓడుతోంది కానీ తెగిపోలేదు.

యజమాని అడిగిన మొదటి ప్రశ్న ఆపరేషన్ గురించే. "డబ్బు గురించి ఆలోచించకండి డాక్టర్ గారూ, ఎక్కడికైనా తీసుకెళ్దాం" అన్నారు. సమస్య డబ్బు కాదు. మత్తు ఇస్తే ఇప్పటికే తక్కువగా ఉన్న రక్తపోటు మరింత పడిపోతుంది. పొట్ట కోసిన క్షణంలోనే ఆ గడ్డను నొక్కిపెడుతున్న ఒత్తిడి పోతుంది. రక్తపు మడుగులో, పేగుల వెనక, చేయి అందని లోతులో చిట్లిన నాళాన్ని వెతికి కట్టాలి. ఆ వెతికే నిమిషాలు బతికించేవి కావు.

రవాణా ఇంకా కష్టమైన ప్రశ్న. మంచి ఆస్పత్రిలో చూసుకుంటే ఫలితాలు బాగుంటాయన్నది నిజమే. అమెరికాలో ఆస్పత్రుల్లో చికిత్స పొందిన 73 ఆడగుర్రాల వివరాలతో 2008లో వచ్చిన అధ్యయనంలో 84 శాతం బతికాయి. కానీ ఆ లెక్కలో ఉన్నవి ఆస్పత్రి గేటు దాకా ప్రాణంతో చేరిన గుర్రాలు. దారిలో పోయినవి అందులో లేవు. అలా దారిలో పోయిన గుర్రం ఒకటి నా లెక్కలో ఉంది. పదకొండేళ్ల కిందట ఇలాంటి రాత్రే, ఇలాంటి గుర్రాన్నే, నేనే ట్రైలర్ ఎక్కించాను. ఇరవై కిలోమీటర్ల తర్వాత ఒక స్పీడు బ్రేకరు దగ్గర వెనక చప్పుడైంది. దిగి చూసేసరికి పడి ఉంది. ఆ నిర్ణయం నాది, ఇంకెవరిదీ కాదు. అందుకే ఈసారి ఉన్నచోటనే ఉంచుదామన్నాను.

మొదటి గంటలు

చేసిన పనుల్లో మొదటిది ఏ మందూ కాదు. దీపాలు ఆర్పాం. పక్క గదుల్లోని గుర్రాలను అటు చివరకు మార్చాం. ఫారంలోని కుక్కలను కట్టేయించాం. కొట్టంలో సైసు, నేను తప్ప ఎవరూ ఉండకూడదన్నాను. పిల్లను బయటికి తీసుకెళ్లమని ఒకరు సలహా ఇచ్చారు. వద్దన్నాను. పిల్ల కనిపించకపోతే తల్లి సకిలిస్తుంది, గదంతా తిరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. తల్లికి కనిపించేలా ఒక మూల గడ్డి బేళ్లు అడ్డం పెట్టి పిల్లను అక్కడ ఉంచాం.

నొప్పికి ఫ్లూనిక్సిన్ కిలోకు 1.1 మి.గ్రా. చొప్పున ఒక్క మోతాదు, దానితో బ్యుటార్ఫనాల్ 8 మి.గ్రా. నరంలోకి ఇచ్చాను. గుర్రాలను నెమ్మదింపజేయడానికి మనం అలవాటుగా వాడే ఏస్‌ప్రోమజిన్ ముట్టుకోలేదు. అది రక్తపోటును తగ్గిస్తుంది. కావాల్సింది కొద్దిగా తక్కువ రక్తపోటే కదా అని వాడేవారు ఉన్నారు. ఎంత తగ్గుతుందో నా చేతిలో లేని మందు ఇలాంటి గుర్రానికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

తర్వాత ట్రానెక్సామిక్ యాసిడ్. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే మన దగ్గర దీన్ని "రక్తం గడ్డకట్టించే ఇంజెక్షన్" అంటారు. అది పొరపాటు. గడ్డను కట్టేది శరీరమే. అలా కట్టిన గడ్డను ప్లాస్మిన్ అనే ఎంజైము వెంటనే కరిగించడం కూడా మొదలుపెడుతుంది. ట్రానెక్సామిక్ యాసిడ్ ఆ కరిగించే పనిని అడ్డుకుంటుంది, అంతే. కట్టిన గోడను కూలకుండా కాపలా కాస్తుంది, గోడ కట్టదు. 1962లో జపాన్‌కు చెందిన ఒకమోటో దంపతులు, ఉటాకో, షోసుకే, దీన్ని కనిపెట్టారు. ఉటాకో ఒకమోటో మనసులో ఉన్నది ప్రసవంలో రక్తస్రావంతో చనిపోయే తల్లులే. 2017లో 21 దేశాల్లో 20,060 మంది మహిళలపై జరిగిన పరీక్షలో ప్రసవమైన మూడు గంటల లోపు ఈ మందు ఇస్తే రక్తస్రావంతో జరిగే మరణాలు తగ్గుతాయని తేలింది. ఆలస్యమైతే ఆ మేలు కనిపించలేదు. గుర్రాల్లో అంత పెద్ద పరీక్ష లేదు. అయితే గుర్రపు ప్లాస్మాలో గడ్డ కరగకుండా ఆపడానికి మనుషుల ప్లాస్మాకు కావాల్సిన దానికంటే చాలా తక్కువ గాఢత సరిపోతుందని ప్రయోగశాల పరీక్షలు చూపాయి. కిలోకు 10 మి.గ్రా. నేను వాడే మోతాదు.

380 కిలోలకు 3.8 గ్రాములు. ఒక్కో ఆంప్యూల్‌లో 500 మి.గ్రా. కాబట్టి ఎనిమిది ఆంప్యూళ్లు, అంటే 4 గ్రాములు, అర లీటరు సెలైన్‌లో కలిపి 20 నిమిషాల్లో ఎక్కించాను. వేగంగా ఎక్కిస్తే రక్తపోటు పడిపోతుంది. నా పెట్టెలో ఉన్నవి పన్నెండే. ఎనిమిది గంటలకోసారి మూడు మోతాదులు కావాలి కాబట్టి యజమాని అబ్బాయిని రాత్రంతా తెరిచి ఉండే మందుల షాపుకు పంపాను. మనుషుల షాపే. పశువుల షాపులు ఆ వేళ తెరిచి ఉండవు. కాసేపటికి షాపు నుంచి ఫోను వచ్చింది. చీటీలో 16 ఆంప్యూళ్లు చూసి షాపాయనకు అనుమానం వచ్చింది. "పేషెంటు బరువు ఎంత సార్?" అన్నారు. మూడు వందల ఎనభై అన్నాను. కాసేపు అటువైపు నుంచి మాట రాలేదు.

సెలైన్ గురించి జరిగిన వాదన

ఉదయం ఆరయ్యేసరికి యజమాని బంధువులు ఇద్దరు వచ్చారు. నిలబడలేక తూలుతున్న గుర్రాన్ని చూసి ఒకాయన సూటిగానే అడిగారు: "ఇంత నీరసంగా ఉంటే సెలైన్ ఎక్కించరా?" మనవాళ్లకు సెలైన్ మీద ఉన్న నమ్మకం దేని మీదా లేదు. సీసా వేలాడుతుంటేనే వైద్యం జరుగుతున్నట్టు. నేను అప్పటికి సెలైన్ లాంటిదే అయిన రింగర్ లాక్టేట్ ద్రవం మూడు లీటర్లు నెమ్మదిగా ఇచ్చి ఆపేశాను. నీటి కొరత ఉన్న ఈ సైజు గుర్రానికి ఇరవై లీటర్లు ఎక్కించడం మాకు మామూలు పని. ఇక్కడ అదే ప్రాణం తీస్తుంది.

ఆయనకు చెప్పింది ఇలా. పైపులో చిల్లు పడింది. చిల్లు మీద బంకమట్టి పెట్టారు, అది ఇంకా ఆరలేదు. ఇప్పుడు మోటారు పూర్తి వేగంతో వేస్తే ఏమవుతుంది? ఆయన రైతు. ఇక మరో ప్రశ్న వేయలేదు. ఒత్తిడి ఒక్కటే కాదు, సెలైన్‌లో గడ్డకట్టే పదార్థాలు ఏవీ లేవు. ఎంత పోస్తే మిగిలిన రక్తం అంత పలచబడుతుంది. నా లక్ష్యం గుండెవేగాన్ని 40కి తేవడం కాదు. మెదడుకు, మూత్రపిండాలకు సరిపోయేంత రక్తపోటు ఉంటే చాలు. గుర్రం పిలిస్తే చెవి తిప్పాలి, ఏదో ఒక సమయంలో మూత్రం పోయాలి. ఆ రెండూ జరుగుతున్నంతసేపు చేతులు కట్టుకుని కూర్చోవడమే చికిత్స.

వాడనివి కూడా చెప్పాలి. విటమిన్ కె ఇవ్వలేదు. ఆ విటమిన్ లోపం వల్ల వచ్చే రక్తస్రావానికే అది పనికొస్తుంది, చిట్లిన ధమనికి కాదు. ఫార్మలిన్‌ను పలచగా కలిపి నరంలోకి ఇచ్చే పద్ధతి గుర్రాల వైద్యంలో చాలా పాతది. దాని వల్ల గడ్డకట్టడం మెరుగవుతుందని నన్ను ఒప్పించిన ఆధారం ఏదీ కనిపించలేదు. మోతాదు ఎక్కువైతే జరిగే హాని మాత్రం తెలుసు. బ్యుటార్ఫనాల్ లాంటి నొప్పి మందులకు విరుగుడైన నాలాక్సోన్ ఇచ్చేవారూ ఉన్నారు. బ్యుటార్ఫనాల్ ఇచ్చిన గుర్రానికి అది ఇస్తే ఒక చేత్తో ఇచ్చిన ఉపశమనాన్ని మరో చేత్తో లాక్కోవడమే. ఆక్సిటోసిన్ కూడా వద్దనుకున్నాను. మాయ పడిపోయింది. గర్భసంచి గట్టిగా ముడుచుకుంటే నొప్పి, ఆ పొర మీద లాగుడు, రెండూ పెరుగుతాయి.

నా పొరపాటు

తొమ్మిది గంటలకు గుండె 80కి దిగింది. లాక్టేట్ 5.1. గుర్రం రెండు గుప్పెళ్ల పచ్చగడ్డి తిన్నది. నాకు ధైర్యం వచ్చింది. అప్పటిదాకా సైసు తల్లి పొదుగు పిండి పిల్లకు సీసాతో పాలు పట్టిస్తున్నాడు. ఇక నేరుగా తాగనిద్దామని అడ్డుపెట్టిన బేళ్లు తీయించాను. ఆకలి మీదున్న పిల్ల పాలు దిగలేదని రెండుసార్లు మూతితో డొక్కలో కుమ్మింది. తల్లి కాలు విదిలించి, ఒక్కసారిగా పక్కకు తిరిగింది. పది సెకన్ల పని. పిల్లను మళ్లీ వెనక్కి తీసుకున్నాం.

పది గంటలకు గుండె 92. పదకొండుకు 108, లాక్టేట్ 8.2, పీసీవీ 23, ప్రోటీన్ 4.6. స్కానింగ్‌లో పొట్ట అడుగు ద్రవం పొద్దుటి కంటే లోతుగా కనిపించింది. పిల్ల కుమ్మడం వల్లే మళ్లీ రక్తం కారిందని నిరూపించలేను. కానీ అలా కాదని నన్ను నేను ఒప్పించుకోలేకపోయాను కూడా. రెండు గంటల మెరుగుదలను చూసి గడ్డ గట్టిపడిందనుకోవడం తొందరపాటే.

రక్తం

ఇక రక్తం ఎక్కించాలి. లెక్క ఇది: గుర్రం ఒంట్లో కిలోకు 80 మి.లీ. రక్తం ఉంటుందనుకుంటే 380 కిలోలకు 30 లీటర్లు. ఈ లక్షణాలు మూడో వంతు దాకా పోయిందని చెబుతున్నాయి, అంటే తొమ్మిది పది లీటర్లు. కడుపులోకి పోయిన రక్తంలో ఎర్రకణాల్లో ఎక్కువ భాగం రెండు మూడు రోజుల్లో తిరిగి రక్తప్రవాహంలోకి వస్తుంది. అందుకే పోయినదంతా భర్తీ చేయనక్కర్లేదు. సగం చాలు, ఆ వంతెన దాటడానికి.

దాత అదే ఫారంలోని తొమ్మిదేళ్ల గెల్డింగ్ (వట్టలు తీసిన మగగుర్రం), 420 కిలోలు. ఎప్పుడూ రక్తం ఎక్కించుకోలేదు. మగది కాబట్టి కాన్పుల వల్ల ఇతర రక్తవర్గాలపై యాంటీబాడీలు పుట్టే ప్రశ్నే లేదు. రెండు నెలల కిందటే గ్లాండర్స్, ఈఐఏ (గుర్రాల అంటు రక్తహీనత) అనే అంటువ్యాధుల పరీక్షలు నెగటివ్ వచ్చాయి. సర్రా, పైరోప్లాస్మా పరాన్నజీవుల కోసం అప్పటికప్పుడు రక్తపు పూత తీసి చూశాను. ఏమీ లేవు.

గుర్రాల్లో రక్తవర్గాల కలయికలు లక్షల్లో ఉంటాయి కాబట్టి అచ్చంగా కుదిరే దాత దొరకదు. మొదటిసారి ఎక్కించుకునే గుర్రం సాధారణంగా తట్టుకుంటుంది. అయినా ఇంతకుముందే ఆరుసార్లు ఈనిన తల్లి కదా. ఈనేటప్పుడు పిల్లల రక్తం తగిలి యాంటీబాడీలు తయారై ఉండవచ్చు. ఫారం ఆఫీసు గదిలో మైక్రోస్కోపు పెట్టి దాత కణాలను తల్లి ప్లాస్మాతో కలిపి చూశాను. మొదటి చూపుకు గుండె జారింది. కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వరుసలు కట్టి ఉన్నాయి. తర్వాత గుర్తొచ్చింది, గుర్రపు ఎర్రకణాలు ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా నాణేల దొంతరల్లా పేరుకుంటాయి. ఒక చుక్క సెలైన్ వేశాను. దొంతరలు విడిపోయి కణాలు విడివిడిగా తేలాయి. నిజమైన గుంపులైతే సెలైన్‌కు విడిపోవు.

దాత నుంచి కిలోకు 15 మి.లీ. తీసుకోవడం సురక్షితం. 6.3 లీటర్లు, అంటే 450 మి.లీ. సంచులు 14. గాజు సీసాలు వాడలేదు. గాజుకు తగిలితే ప్లేట్‌లెట్లు చురుకై పాడవుతాయి. మన రోగికి అవి కావాలి. సంచి నిండుతున్నంతసేపు లోపలి మందుతో రక్తం కలిసేలా ఊపుతూ ఉండాలి. ఆ పని సైసుకు ఇచ్చాను. రెండు చేతుల మీద సంచిని ఉయ్యాలలా ఊపుతూ, ఏదో గొణుగుతూ నిలబడ్డాడు. దగ్గరికి వెళ్తే తెలిసింది, గుర్రం పేరు తీసుకుంటూ సంచులు లెక్కపెడుతున్నాడు.

12.45కి ఎక్కించడం మొదలుపెట్టాను. మొదటి పదిహేను నిమిషాలు చాలా నెమ్మదిగా, మొత్తం 110 మి.లీ.కి మించకుండా. ప్రతి రెండు నిమిషాలకు గుండె, శ్వాస చూశాను. ఐదో సంచి దగ్గర మెడ మీద దద్దుర్లు లేచాయి. ఆపాం. పావుగంటలో కొత్తవి రాలేదు, గుండె పెరగలేదు. మళ్లీ సగం వేగంతో మొదలుపెట్టాం. 4.10కి చివరి సంచి అయింది. మధ్యలోనే రెండో మోతాదు ట్రానెక్సామిక్ ఇచ్చాను. దాత గెల్డింగ్‌కు పది లీటర్ల సెలైన్ ఎక్కించాం. పొద్దుటి పెద్దాయన దూరం నుంచి చూసి తల ఊపారు.

ఎనిమిదో సంచి అయ్యేసరికి చెవులు వెచ్చబడ్డాయి. ఆ రోజంతా అంకెలు చూసిన నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించింది ఆ వెచ్చదనమే. ఐదింటికి గుండె 76, లాక్టేట్ 4.1. రాత్రి ఎనిమిదికి గుర్రం చాలాసేపు మూత్రం పోసింది. ఆ చప్పుడుకు నేను, సైసు ఒకేసారి నవ్వాం.

తర్వాతి రోజులు

మూడో మోతాదు అర్ధరాత్రికి. 24 గంటలకు గుండె 60, లాక్టేట్ 2.2, పీసీవీ 17. 36 గంటలకు పీసీవీ 15కి పడింది, కానీ గుండె 56 దగ్గర నిలిచింది. గుర్రం గడ్డి తింటోంది. యజమాని పీసీవీ అంకె చూసి మళ్లీ రక్తం అడిగారు. ఇవ్వలేదు. పలచబడటం వల్ల తగ్గిన అంకె వేరు, కారుతుండటం వల్ల తగ్గే అంకె వేరు. గుండె, లాక్టేట్ రెండూ దిగుతుంటే పీసీవీ ఒక్కటి చూసి భయపడనక్కర్లేదు. మూత్రపిండాల కోసం చూసిన క్రియాటినిన్ 1.9 నుంచి మూడో రోజుకు 1.4కి వచ్చింది.

ధనుర్వాతం టీకా, ఐదు రోజుల ప్రొకేన్ పెనిసిలిన్ ఇచ్చాను. మరో యాంటీబయాటిక్ జెంటామైసిన్ వద్దనుకున్నాను, రక్తం తగ్గిన మూత్రపిండాలకు అది భారం. ఐదో రోజు 102.2 డిగ్రీల జ్వరం, కళ్లలో కొద్దిగా పసుపు ఛాయ కనిపించాయి. లోపల చేరిన రక్తం విచ్ఛిన్నమవుతున్నప్పుడు ఈ రెండూ రావచ్చు. ఎక్కించిన రక్తం పడకపోయినా రావచ్చు. మూత్రం రంగు మారలేదు కాబట్టి మందు మార్చకుండా చూశాం. రెండు రోజుల్లో రెండూ తగ్గాయి. పిల్లకు 24 గంటలకు జింక్ సల్ఫేట్ పరీక్ష చేస్తే ముర్రుపాల యాంటీబాడీలు సరిపడా ఉన్నాయని తేలింది.

పీసీవీ ఐదో రోజు 19, పద్నాలుగో రోజు 26, నెలకు 31. ఎముక మజ్జ కొత్త కణాలు చేస్తోందా అని కుక్కల్లోలా రక్తపు పూతలో వెతికితే గుర్రంలో కనిపించదు. గుర్రం పచ్చి కణాలను రక్తంలోకి వదలదు. రోజురోజుకు అంకె పెరగడం ఒక్కటే సాక్ష్యం. నాలుగు వారాలు గదిలోనే ఉంచాం. ఆ తర్వాత చేత్తో పట్టుకుని పది నిమిషాల నడక. పన్నెండో రోజు స్కానింగ్‌లో గడ్డ 16 సెంటీమీటర్లు, లోపల తేనెపట్టులా గదులు గదులుగా ఉంది. 60వ రోజున 7 సెంటీమీటర్లు. మలద్వారం గుండా మొదటిసారి అప్పుడే చూశాను. కుడి వైపు నిమ్మకాయలా గట్టిగా, నొప్పి లేకుండా తగిలింది.

ఆ ఫారంలో ఇప్పుడు రెండు మార్పులు జరిగాయి. ఈనడానికి నెల ముందే ప్రతి ఆడగుర్రం ప్లాస్మాను ఆ గెల్డింగ్ కణాలతో కలిపి చూసి రిజిస్టరులో రాస్తున్నాం. 24 ట్రానెక్సామిక్ ఆంప్యూళ్లు, రక్తం పట్టే 16 ఖాళీ సంచులు ఫారంలోనే ఉంటాయి.

యజమాని మాత్రం ఒక్క విషయంలో రాజీ పడలేదు. ఇంత మంచి రక్తరేఖ, ఇంకొక్క కాన్పు, అంటారు. ఒకసారి చిట్లిన ధమని మళ్లీ చిట్లవచ్చని చెప్పాను. గెల్డింగ్ రక్తం ఎక్కించాం కాబట్టి ఇప్పుడు ఈ ఆడగుర్రం ఒంట్లో కొత్త యాంటీబాడీలు ఉండవచ్చనీ, తండ్రి నుంచి ఆ రక్తవర్గం వచ్చిన పిల్లకు ముర్రుపాలే విషమవుతాయనీ చెప్పాను. విన్నారు. గత నెల ఒక మగగుర్రం ఫొటో పంపి, ఇది ఎలా ఉందని అడిగారు. గుర్రం బాగుంది అన్నాను. మా గుర్రానికి మాత్రం వద్దు అన్నాను.